లీజు అంటే ఏ లీజు?

(హఫీజ్‌పేట్‌లో, నగరంలో పనిచేస్తున్న ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగం)



వారంలో దొరికే ఒక్క సెలవు రోజున ఇక్కడిదాకా వచ్చారు. కొందరు నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నారు, కళ్లు చూస్తే తెలుస్తోంది. అందుకే ఒక్క మాట గురించే మాట్లాడతా. ఆ మాట లీజు.

మీకిది కొత్త మాటేం కాదు. హఫీజ్‌పేట్ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగండి, అద్దాల బిల్డింగుల మీద లీజుకు ఇస్తామని బోర్డులు కనబడతాయి. మీలో కొందరు ఆ బిల్డింగులకే సెక్యూరిటీ, కొందరు హౌస్ కీపింగ్, కొందరు లోపల కంప్యూటర్ల ముందు. అదే మాట ఊర్లో కూడా వినబడుతుంది. "మీ నాయన భూమి లీజుకిస్తాడంటనా?" అని ఫోన్ వస్తుంది. మాట ఒకటే కాబట్టి అర్థం కూడా ఒకటే అనుకుంటాం. అక్కడే దెబ్బ తింటున్నాం.

మీ గది సంగతి తీసుకోండి. ఓనర్ 11 నెలలకే అగ్రిమెంట్ ఎందుకు రాయిస్తాడు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ తప్పించుకోవడానికే ఆ 11 నెలల లెక్క. మీరు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోత పెడతాడు, గొడవ అక్కడితో అయిపోతుంది.

మీరు పనిచేసే ఆఫీసు లీజు వేరు. అది ఏళ్ల తరబడి ఉంటుంది. అందులో లాక్-ఇన్ అని ఒకటి రాస్తారు, అంటే ఫలానా కాలం దాకా కంపెనీ ఖాళీ చేసినా అద్దె కట్టాల్సిందే. ఇక్కడ భయపడేది కిరాయిదారు. ఊర్లో లీజు అంటే భయపడేది భూమి ఉన్నవాడు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

బెంగళూరులో పనిచేసొచ్చినోళ్లను అడగండి. అక్కడ ఇల్లు లీజుకు అంటే నెలనెలా కిరాయి ఉండదు. ఒకేసారి లక్షలు ఓనర్ చేతిలో పెడతారు, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకుంటారు. మన పల్లెల్లో దాన్ని భోగ్యం అంటారు. చట్టం కంటితో చూస్తే అది లీజు కంటే స్వాధీనంతో కూడిన తనఖాకే దగ్గర. నెట్‌వర్కింగ్ కోర్సు చేసినోళ్లు అప్పుడే నవ్వుతున్నారు. అవును, మీ దగ్గర ఇంకో లీజు ఉంది. సర్వర్ మీ కంప్యూటర్‌కు ఒక ఐపీ అడ్రసు కొన్ని గంటలకు ఇస్తుంది, దానికీ లీజనే పేరు. గడువు తీరితే ఆ నంబరు ఇంకో మెషీన్‌కు పోతుంది. నంబరుకేం కాదు, ఎట్లున్నది అట్లే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. లీజు అంటే ఏంటో అందులో 105వ సెక్షన్ చెబుతుంది: ప్రతిఫలం తీసుకుని, ఆస్తిని అనుభవించే హక్కును కొంత కాలానికి గానీ శాశ్వతంగా గానీ బదిలీ చెయ్యడం. చూడండి, శాశ్వతంగా అన్నది కూడా అందులోనే ఉంది. లీజు కదా ఎప్పటికైనా తిరిగొస్తుందిలే అని అనుకునేవాళ్ల కోసం చెబుతున్నా. ఆ తర్వాత 108వ సెక్షన్‌లో కిరాయిదారు ఏం చెయ్యకూడదో రాశారు. వేరే ఒప్పందం లేకపోతే కలప కొట్టి అమ్మకూడదు, కట్టడాలు పడగొట్టకూడదు, లీజు ఇచ్చే నాటికి తెరిచి లేని గనులు తవ్వకూడదు, ఆస్తికి శాశ్వతంగా నష్టం చేసే పనేదీ చెయ్యకూడదు. గడువు అయిపోయాక తీసుకున్నప్పుడు ఎట్లుందో దాదాపు అట్లే అప్పజెప్పాలి.

మామూలు లీజులో చెయ్యకూడదని రాసిన పనికే ఇచ్చేది గనుల లీజు. పేరు మాత్రం మారలేదు. 1957 నాటి గనుల చట్టం కింద ఇచ్చే ఈ లీజులో తవ్వినా తవ్వకపోయినా కట్టాల్సింది డెడ్ రెంట్, తీసిన ఖనిజం మీద కట్టేది రాయల్టీ, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. 2015 సవరణ తర్వాత పెద్ద ఖనిజాలకు ఈ లీజు 50 ఏళ్లు. 50 ఏళ్ల తర్వాత అప్పజెప్పడానికి మిగిలేదేంటి? గొయ్యి. ఆఫీసు ఖాళీ చేస్తే గోడలుంటాయి, గది ఖాళీ చేస్తే మేకులు కొట్టిన బొక్కలుంటాయి. కొండ ఖాళీ చేస్తే ఊటలు కూడా పోతాయి.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. అనంతగిరి మండలంలో బొర్రా గుహల చుట్టుపక్కల ఊర్లలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం గనుల లీజులిచ్చింది. అప్పుడది విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. నిమ్మలపాడు పేరు మీరు వినే ఉంటారు. సమత సంస్థ కోర్టుకెక్కింది, హైకోర్టులో ఓడిపోయింది, సుప్రీంకోర్టుకు పోయింది. 1997 జులై 11న తీర్పొచ్చింది.

ఆ కేసంతా రెండు మాటల అర్థం మీద నడిచింది. మన 1/70 చట్టం, అంటే 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, ఏజెన్సీలో భూమిని ఏ వ్యక్తి అయినా గిరిజనులకో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికి బదిలీ చేసినా చెల్లదంటుంది. బదిలీ అంటే ఏంటో ఆ నిబంధనే చెప్పింది: అమ్మకం, లీజు, దానం, మార్పిడి, స్వాధీనం ఉన్నా లేకున్నా తనఖా, చివరికి ఆ భూమికి సంబంధించిన ఒప్పందం కూడా. కంపెనీల వాదన, ప్రభుత్వ వాదన ఏంటంటే ప్రభుత్వం "వ్యక్తి" కాదు కాబట్టి సర్కారు భూమి లీజుకు ఈ నిషేధం తగలదని. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందన్నారు. గిరిజనేతరులకిచ్చిన ఆ లీజులు చెల్లవన్నారు. తవ్వితే ప్రభుత్వ సంస్థ గానీ గిరిజన సహకార సంఘం గానీ తవ్వాలి, నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టాలి అని కూడా చెప్పారు. మూడో జడ్జి ఒప్పుకోలేదు. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఈరోజు మనం వేరే కథ మాట్లాడుకుంటుండేవాళ్లం.

తీర్పొచ్చాక వాళ్లు ఊరుకోలేదు, మాట మార్చారు. 2005లో జిందాల్‌తో, 2007లో రస్ అల్ ఖైమాతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాక్సైట్ ఒప్పందాలు చేసుకుంది. వాటిలో గనుల లీజు కంపెనీకి లేదు. తవ్వేది ఏపీఎండీసీ, కంపెనీకి ఉండేది సరఫరా ఒప్పందం. కాగితం మీద సమత తీర్పును ఎక్కడా దాటలేదు! కొండ మాత్రం రెండు రకాలుగానూ అదే కొండ. 2015 నవంబరులో అటవీ భూమి ఇస్తూ జీవో 97 వచ్చింది. మన్యం అంతా లేచింది. 2019లో అది రద్దయింది. రద్దు చేయించింది ఊర్ల మీద నిలబడిన జనం అని నేనంటా.

ఇంకో పేరు రైజింగ్ కాంట్రాక్ట్. లీజు కార్పొరేషన్ పేరు మీదో మన సొసైటీ పేరు మీదో ఉంటుంది. తవ్వేవాడు, లారీలు పెట్టేవాడు, లెక్క రాసేవాడు బయటి కాంట్రాక్టరు. గోదావరి ఇసుక దగ్గర సొసైటీల్లో సభ్యులుగా ఉన్న మన అన్నదమ్ములకు ఇది విప్పి చెప్పాల్సిన పని లేదు. సంతకం మనది, పొక్లెయిన్ వాళ్లది.

అందుకే చదువుకున్నోళ్లను ఒకటి అడుగుతున్నా. ఇంటి నుంచి కాగితం ఫోటో వాట్సాప్‌లో వస్తే పైన ఏ పేరుందో చూసి ఊరుకోకండి. లీజు, కౌలు, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, పార్ట్‌నర్‌షిప్, జీపీఏ, ఏదన్నా రాసి ఉండనీ. భూమి ఎవరి చేతికి పోతోంది, ఎన్నేళ్లు, తిరిగొచ్చేటప్పుడు ఎట్లుంటుంది, ఈ మూడూ వెతకండి. అవతలి మనిషి గిరిజనేతరుడైతే, భూమి ఏజెన్సీలో ఉంటే, పేరేదైనా అది భూమికి సంబంధించిన ఒప్పందమే, నిబంధన దానికి తగులుతుంది. అడ్వాన్సు తీసేసుకున్నాం కదా అని మీ నాయన మొహమాటపడొచ్చు. చెల్లని బదిలీ డబ్బు చేతులు మారినంత మాత్రాన చెల్లుబాటు కాదని చెప్పండి.

ఇప్పటికే భూమి చేజారిన వాళ్లు ఎల్‌టీఆర్ కేసు పెట్టొచ్చు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. అధికారి తనంతట తానే కేసు తీసుకోవచ్చు, సంబంధం ఉన్న ఎవరైనా అర్జీ పెట్టొచ్చు. ఇక గ్రామంలో ఇసుక, కంకర, రాయి లాంటి చిన్న ఖనిజాల లీజు మాట వస్తే, 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. ఆ తీర్మానం పుస్తకంలో ఏం రాశారో అడిగి చూడండి, ఫోటో తీసుకోండి. మీరు ఇక్కడుండగా మీ పేరు మీద అక్కడ సంతకం పడి ఉందేమో కూడా చూడండి.

నేను చెప్పాల్సింది ఇంతే. కాగితాలు వెంట తెచ్చుకున్నోళ్లు టీ తాగి ఈ బల్ల దగ్గరికి రండి. ఒక్కొక్కటి చదువుదాం.