మా పాపకు వచ్చిన జబ్బు – మీతో నాలుగు మాటలు

నేను డాక్టర్ని కాను. కువైట్‌లో, సబా అల్ సలేంలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఇంజనీరుని. మా రెండో పాపకు జూబేర్ సిండ్రోమ్ ఉంది. పుట్టుకతో వచ్చే ఈ అరుదైన మెదడు జబ్బు గురించి నాకు తెలిసింది చెబుతాను.

చిన్న మెదడుకు మధ్యలో వెర్మిస్ అనే భాగం ఉంటుంది. మనిషిని తూలిపోకుండా నిలబెట్టడంలో దానిది పెద్ద పాత్ర. ఈ పిల్లల్లో అది సరిగా పెరగదు. పసితనంలో ఉన్నట్టుండి ఆయాసంగా ఊపిరి తీస్తారు, కళ్ళు అదురుతాయి, ఒళ్ళు మెత్తగా ఉంటుంది. కూర్చోవడం, నడక, మాట అన్నీ ఆలస్యం. 1969లో మేరీ జూబేర్ అనే డాక్టరు కెనడాలో ఒకే ఇంటి నలుగురు పిల్లల్లో దీన్ని గుర్తించి రాశారు. ఎమ్మారై తీస్తే మెదడులో ఒకచోట దవడ పన్ను ఆకారం కనిపిస్తుంది. డాక్టర్లు పట్టుకునే గుర్తు అదే.

మా పాప జబ్బుకు పేరు తెలిసేలోగానే ఊళ్ళో పెద్దవాళ్ళు కారణం తేల్చేశారు: గ్రహణం నాడు మా ఆవిడ బయట తిరిగిందట! అయ్యా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మాది మేనరికం. తాతల నాటి లోపమున్న జన్యువు మా ఇద్దరికీ ఒక్కొక్కటి వచ్చింది. ఒక్కటే ఉంటే జబ్బు రాదు. రెండూ బిడ్డకు చేరితేనే వస్తుంది. ఇందులో తల్లి వాటా ఎంతో తండ్రి వాటా అంతే.

అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. "ఒకరికి వచ్చింది, ఇక రాదులే" అనుకోవడం తప్పు లెక్క. కారణమయ్యే జన్యువులు దాదాపు 40 ఉన్నాయి. ముందు బిడ్డ రక్తపరీక్షలో ఏ జన్యువో తేలితే, తర్వాతి గర్భంలో మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవచ్చు. కువైట్‌లో మెడికల్ జెనెటిక్స్ సెంటర్ ఉంది. సెలవుల్లో వెళ్ళేవారికి హైదరాబాదు నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది.

మరో ముఖ్యమైన మాట. ఈ జన్యువులు మన కణాల మీద యాంటెన్నాల్లాంటి సన్నని కేశాలకు సంబంధించినవి. అవి కిడ్నీల్లో, కంటిలో, కాలేయంలో కూడా పనిచేస్తాయి. అందుకే ఫిజియోథెరపీతో పాటు ఏటా ఈ మూడింటినీ చూపించాలి. జబ్బుకు మందు లేదు గానీ, కిడ్నీ దెబ్బతినడం ముందే తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది.

చివరగా ఒక మనవి. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళితే, ఎందుకిలా జరిగిందని తల్లిని అడక్కండి. ఈ ఏడు కిడ్నీ పరీక్ష చేయించారా అని తండ్రిని అడగండి. సెలవు.