కట్టడము – కట్టుబాటు



తెలుగున 'కట్టు' అను క్రియనుండి పుట్టిన మాటలలో కట్టడము, కట్టుబాటు అను రెండును తోబుట్టువులు. ఒకదానిని మేస్త్రీ కట్టును, రెండవదానిని ఊరు కట్టును. ఒక ఊరి కట్టుబాట్లను తెలిసికొనగోరు క్రొత్తవాడు పెద్దలను ప్రశ్నింప నక్కఱలేదు. ఎవరి యిండ్లు ఏ దిక్కున నున్నవి, ఎవరు ఎవరి యింట ఎంతవఱకు పోవుదురు, ఏ వాకిట చెప్పులు విడుతురు, ఎచ్చట తల వంచుదురు అనునవి చూచిన చాలును. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములు ఒకే సీమలోనివైనను, అధికారము ఒక్కొక్కచోట ఒక్కొక్క విధమైన కట్టడములో కాపురముండెను. కావున ఈ విషయమును పరిశీలించుటకు ఈ ప్రాంతము మిక్కిలి యనువైనది.

పట్టణములకు ముందు పల్లెలోని పాత మిద్దెను చూడవలెను. వీధివైపు తిన్నె యుండును. బాటసారి యెవ్వరి నడుగకయే దానిపై కూర్చుండవచ్చును, ఎండవేళ నడుము వాల్చవచ్చును. ఇంతటి ఔదార్యము గల నిర్మాణము మఱియొకటి అరుదు. కాని ఆ తిన్నె యొక హద్దు కూడను. తిన్నె దాటిన తలవాకిలి, అది దాటిన పడసాల, అటుపై వంటయిల్లు, దేవుని గూడు. బాకీ తీర్ప వచ్చినవాడు తలవాకిటనే నిలుచును. కూలివాడు పెరటి త్రోవను వచ్చును. చుట్టము పడసాలలో కూర్చుండును. వంటయింటి గడప దాటుటకు మిక్కిలి దగ్గఱి సంబంధము కావలెను. పొట్టి ద్వారబంధము వచ్చినవానిచే తల వంపించును. ఇవి యే శాసనమునందును వ్రాయబడలేదు. బిడ్డ నడక నేర్చునప్పుడే ఏ గడప తనది, ఏ గడప తనది కాదు అనునది కూడ నేర్చుకొనును. తిన్నెను ప్రతిదినము అలికి ముగ్గు పెట్టునది ఇంటి స్త్రీయే. కాని దానిపై సాగు పంచాయతి మాటలను ఆమె తలుపుచాటున నిలిచి వినవలసియుండెను.

ఇంటిలో గడపలు చేసిన పనిని ఊరిలో దూరము చేసెను. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి వెలుపల, బావి వేఱు, గుడి ముంగిట నిలుచు చోటు వేఱు. 1947 నాటి మదరాసు ఆలయ ప్రవేశ చట్టము గుడి తలుపులు తెఱచెను. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన పదునేడవ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసెను. అయినను పుట మాఱినంత త్వరగా వీధి మాఱదు. తరువాత సర్కారు కట్టించిన కాలనీలు పెక్కుచోట్ల పాత వాడల ప్రక్కనే లేచినవి. మట్టితో గీచిన పటమునే సిమెంటుతో మరల గీచినట్లాయెను. దయతో ఇల్లు కట్టించువాడు సైతము ఎచ్చట కట్టవలెనో ఆలోచింపనిచో ఇట్టి ఫలమే కలుగును.

ఇక పట్టణములు. 1800 లో దత్తమండలములు కుంఫిణీ పాలనకు రాగా, థామస్ మన్రో 1807 వఱకు వానికి ప్రధాన కలెక్టరుగ నుండి, రైతునకును సర్కారునకును నేరుగా సంబంధము కల్పించు రైత్వారీ పద్ధతికి ఆ సీమలో పునాది వేసెను. మదనపల్లె ఆ కడప మండలములోనిది. పుంగనూరును, కుప్పము చేరిన కంగుంది జమీయును ఉత్తర ఆర్కాటులోని జమీందారీలు. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడిన పిదప ఇవి యన్నియు ఒకే జిల్లాగా కూడినవి. అంతవఱకు ఒకచోట రైతు కచేరికి పోయెను, మఱియొకచోట మేడకు పోయెను.

కుప్పమునకు సమీపమున కంగుంది కొండపై పాతకోట శిథిలములు నేటికిని కానవచ్చును. కోట కట్టినవాని చింత యంతయు శత్రువు మీదనే. బండయెత్తు, వంపుదారి, చొరరాని వాకిలి, ఇవియే దాని సౌందర్యము. కుంఫిణీవారు పాలెగాండ్ర ఆయుధములు లాగికొనిన పిమ్మట కోటతో పని తీఱెను. అప్పటినుండి ఊరి నడుమ మేడ ప్రాధాన్యము వహించెను. మేడకు శత్రువుల భయము లేదు. అది తన రైతులకొఱకే కట్టబడినది. పొడవైన ముంగిలి, ఎత్తయిన స్తంభములు, మెట్లవరుస. కోట ఎదుటివాని నాపును. మేడ ఎదుటివానిని రానిచ్చి, ఆ ముంగిలి దాటులోపల వానిని చిన్నవానిగ జేయును. శిస్తు తగ్గింపుమని యడుగ వచ్చిన రైతు దొర ముందఱికి చేరువేళకు సగము మాట మఱచిపోవుట ఆ నిర్మాణము సాధించిన విజయము.

1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి. మేడలు మాత్రము నిలిచినవి. పుంగనూరున సుగుటూరు గంగమ్మ జమీందారుల కులదేవత. ఏటేట జాతరలో తొలిపూజ నేటికిని ఆ వంశీయులదే, తరువాతనే ఊరివారు. శిస్తు వసూలుచేయు హక్కును చట్టము తీసివేయగలిగెను గాని, ఏ వాకిట ఎవరు ముందు నిలువవలెనను వరుసను అది తాకలేదు. దీనిని తప్పని కొందఱు, భక్తి యని కొందఱు అందురు. రెండును నిజమే కావచ్చును.

మదనపల్లెలో అధికారమునకు మేడతో పనిలేకపోయెను. దాని బలము కాగితములో నుండెను. కచేరికి ముందు వసారా, వసారాలో డవాలి బంట్రోతు, లోపల బల్ల, బల్లకు వెనుక రికార్డుల గది. రైతు వసారాలో నిలుచును. అతని భూమి లోపలి గదిలో నుండును! ఈ మాట అతిశయోక్తి కాదు. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు లేచి భూముల దస్త్రములు కాలిపోయినవి. తరువాతి దినములలో జనము అర్జీలు పట్టుకొని అధికారుల ముందు బారులు తీరిరి. పొలములోని మన్ను ఎప్పటివలెనే యున్నది, గట్లు చెదరలేదు. అయినను ఎచ్చటనో ఒక గది కాలినందులకు పల్లెలలో నిద్రలు చెడెను.

కుప్పము మీదుగా జోలార్‌పేట, బెంగుళూరు రైలుమార్గము 1864 లో తెఱవబడెను. రైలుస్టేషను అందఱికి ఒకే ద్వారమును చూపిన తొలి కట్టడములలో నొకటి. టిక్కెట్టు గలవాడు లోనికి పోవచ్చును. అయితే లోపల మొదటి తరగతివారికి వేఱు గది, మూడవ తరగతివారికి వేఱు చావడి. కులము నడుగని స్టేషను డబ్బు నడిగెను. అదియు ఒక మార్పే.

అన్నిటికంటె విచిత్రమైన కథ మదనపల్లె దాపుననున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయముది. వివిధ క్రైస్తవ మిషనులు కలిసి 1915 లో దానిని స్థాపించెను. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాని తొలి వైద్యాధికారి. ఆనాడు క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943 లో. అంతవఱకు మంచిగాలి, విశ్రాంతి, ఆహారము, ఇవియే చికిత్స. అనగా కట్టడమే ఔషధము. కావుననే ఇట్టి చికిత్సాలయములను ఊరి పొగకు దూరముగ, ఎడమెడముగ, గాలి యాడు వసారాలతో కట్టిరి. మంచము గోడచాటున గాక వెలుగునకు ఎదురుగ నుండును. కట్టడము ఔషధమైనచో దానిని విడుచుట నేరమగును. రోగి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి అచ్చటనే యుండవలెను. గంట కొట్టినప్పుడు పండుకొనవలెను, గంట కొట్టినప్పుడు లేవవలెను. ఇల్లు, పొలము, భార్యాబిడ్డలు కొండల కావల. చోటు దొరకని పేదవాడు ఇంటనే నశించును. ఊపిరి పోయుటకు కట్టిన గోడకే ఇట్టి క్రూరత్వ మంటుకొనియుండెను.

1956 లో మదరాసున ఒక పరీక్ష మొదలయ్యెను. క్షయరోగులలో కొందఱను చికిత్సాలయములో నుంచి, కొందఱకు ఇరుకు వాడలలోని వారి యిండ్లలోనే యుంచి, ఉభయులకు ఒకే మందులు ఒక సంవత్సర మిచ్చిరి. 1959 లో ఫలితములు వెలువడెను. ఇంటనున్నవారును వీరితో దాదాపు సమానముగనే కోలుకొనిరి. వారివలన ఇంటివారికి అధికముగ రోగము సోకినదియు లేదు. ప్రపంచమందలి క్షయ చికిత్సాలయముల తలరాతను ఆ మదరాసు పేదల చిన్న యిండ్లు మార్చివైచెను. మాత్ర యింటికి వచ్చెను, రోగి యింట నుండెను. ఆరోగ్యవరము మూతపడక అన్ని వ్యాధులకును చికిత్స చేయు ఆసుపత్రిగ మాఱి నేటికిని జనులకు ఉపకరించుచున్నది. కారణము తీఱిన పిమ్మట కట్టుబాటును విడుచుట ఎట్లో అది చూపినది. ఆ వివేకము మన వీధులకు ఎప్పుడు వచ్చునో!

గోడల సంగతి యట్లుండగా, గోడలలోపల కూర్చుండు తీరు కూడ తక్కువది కాదు. బ్రిటిషువారి కామన్సు సభామందిరము 1941 మే నెలలో జర్మను బాంబులకు కూలెను. దానిని మరల కట్టునప్పుడు అర్ధవృత్తాకారము వలదని, పూర్వమువలెనే ఇరుపక్షములు ఎదురెదురుగ కూర్చుండవలెనని, సభ్యులందఱకు చాలనంత చిన్నదిగనే యుండవలెనని 1943 లో ప్రధాని చర్చిలు వాదించెను. నడిమి ఖాళీని దాటి పక్షము మార్చువాడు అందఱి కంటబడి దాటవలెనని ఆయన తాత్పర్యము. 1950 లో ఆ మందిరము అట్లే తెఱవబడెను. ఆయన మన దేశమునకు స్వాతంత్ర్య మీయనొల్లనివాడు. బల్లల విషయమున మాత్రము చక్కగా ఎఱిగినవాడు.

ఇదే సూక్ష్మమును మదనపల్లె సీమ బడిపిల్లల యెడ ప్రయోగించి చూచినది. 1895 లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంకల్పమున వెలసిన ఋషివ్యాలీ విద్యాలయము చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులను నడపుచున్నది. సాధారణపు బడిలో ఉపాధ్యాయుని కుర్చీ ఒక గోడవైపు, పిల్లలందఱు దానికి అభిముఖముగ వరుసలలో. వెనుకవరుస వెనుకబడినవానికే! ఈ పల్లెబడులలో వేర్వేఱు తరగతుల పిల్లలు నేలపై గుంపులుగ కూర్చుండి, ఎవరి మెట్టుననుండి వారు అట్టలపై పాఠము సాగింతురు. ఉపాధ్యాయుడు కూడ నేలపైననే కూర్చుండును. ముందువరుస లేని గదిలో వెనుకవరుస యుండజాలదు. 2003 లో చెన్నై నగరపాలక పాఠశాలలవారు ఈ పద్ధతినే మాదిరిగ గొనిరి.

ఈ దృష్టితోనే గ్రామ గ్రంథాలయమును చూడవలెను. 1948 నాటి మదరాసు చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును అనుసరించి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు కూడ వసూలగును. మిద్దెయైనను పూరిల్లైనను పన్ను కట్టిన ప్రతి యిల్లును ఈ యింటికి ఇటుక నిచ్చినదే. మఱి ఆ యిటుక నిచ్చినవారందఱు లోనికి వచ్చుచున్నారా? తొలినాళ్లలో మన గ్రంథాలయములు పెక్కు గుడి మండపములలోను, చావళ్లలోను, దాతల యిండ్ల ముందు గదులలోను వెలసెను. దాతల ఔదార్యము మఱవరానిది. అయినను దాత యింటి గదిలో నున్న గ్రంథాలయమునకు దాత యింటి గడపయే గడప. ఆ గడపకడ తరతరములుగ ఆగినవాడు, పత్రిక యచ్చట నున్నదని తెలిసినను, ఆగియే యుండును. లోనికి రావలదని యెవ్వరును చెప్పియుండరు. చెప్పవలసిన పని లేదు.

బీరువాకు వేసిన తాళము కూడ ఒక గడపయే. షియాళి రామామృత రంగనాథను 1931 లో గ్రంథాలయ శాస్త్రపు పంచసూత్రములను ప్రకటించినవాడు. పుస్తకపు అరలు తెఱచియుండవలెనని, పాఠకుడు స్వయముగ తీసి చూడవలెనని మిక్కిలి పట్టుపట్టెను. నాలుగు పుస్తకములు పోవునను భయముతో నాలుగువందలు తాళములో నుంచుట పలుచోట్ల నేటికిని కలదు. పోయిన పుస్తకమును ఎవడో ఒకడు చదివియుండును; తాళములోని దానిని చదలే చదువును.

రజతోత్సవ వేళ భవనములను పొడిగించుటయు, క్రొత్తవి తలపెట్టుటయు ఆనవాయితీ. నక్ష గీయుటకు ముందు స్థలమును చూడబోవువారు వాడనుండి నడచి వచ్చు త్రోవను ఒకసారి నడచి చూడవలెను. స్త్రీలకు మూలగది యని వేఱుపఱుపక, కిటికీదగ్గఱి వెలుతురు బల్లను వారికి ముందు కేటాయింపవలెను. బాలుర అర బాలుర చేతి యెత్తుననే యుండవలెను. దాతల పేర్ల శిలాఫలకమును ద్వారమునకు ఎదురుగ గాక ప్రక్కగోడకు పెట్టవచ్చును, పేరు చెడదు. ఇక మొదటి మెట్టు ఎంత యెత్తుండవలెనో తేల్చుటకు మేస్త్రీతోపాటు ఊరిలోని ముసలమ్మ నొకతెను, కఱ్ఱ యూతగా నడచువాని నొకనిని పిలిపించి, వారు ఎక్కగలిగిన యెత్తునకే సుద్దతో గీత గీయింపవలెను.