టైరుకూ పదవీ విరమణ ఉంది

(పాలకీడులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు విపులంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం కారు టైర్లు. వినడానికి చిన్న విషయమే. కాని మనలో చాలామంది ఇళ్లముందు ఇవాళ ఒక చిన్న కారు ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో కొన్నవారున్నారు, పిల్లలు కొనిచ్చినవారున్నారు. ఆ కారులో మనం, మన ఇంటివారు, సెలవులకు వచ్చిన మనుమలు ప్రయాణం చేస్తారు. అంతమంది భారాన్నీ మోస్తూ రోడ్డును తాకేది నాలుగు టైర్లు. ఒక్కొక్కటీ నేలను ఆనేది దాదాపు మన అరచేయంత మేర మాత్రమే.

మన కార్లు ఎక్కువ తిరగవు. నేరేడుచర్లకో, హుజూర్‌నగర్‌కో, మిర్యాలగూడ ఆసుపత్రికో పోయివస్తాం. చుట్టాలొస్తే జాన్‌పహాడ్ దర్గాకు తీసుకుపోతాం. మిగతా రోజులు బండి ఎండలో నిలబడే ఉంటుంది. అందుకే "బండి తిరగలేదు గదా, టైరు అరగలేదు గదా" అనుకుంటాం. పింఛనుదారుల విషయంలో ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. టైరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతో కూడా ముసలిదవుతుంది. ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడి, పక్కగోడల మీద సన్నని పగుళ్లు వస్తాయి. పైన గాడులు నిండుగానే కనిపిస్తాయి, లోపల సత్తువ ఉండదు.

మా మిత్రులొకరి సంగతి వారి అనుమతితోనే చెబుతున్నాను. వారి కారు తొమ్మిదేళ్లలో 21 వేల కిలోమీటర్లే తిరిగింది. టైర్లు చూడడానికి బాగానే ఉన్నాయి. మొన్నటి మే నెలలో కంటి పరీక్షకు హైదరాబాదు బయలుదేరి, సూర్యాపేట దాటాక జాతీయ రహదారి మీద వెనక టైరు పేలింది. అబ్బాయి గట్టిగా బ్రేకు తొక్కకుండా స్టీరింగు నిటారుగా పట్టుకుని బండిని మెల్లగా పక్కకు తెచ్చాడు కాబట్టి సరిపోయింది. తీరా చూస్తే స్టెప్నీ కూడా ఆ ఈడుదే, అందులో గాలి లేదు. నడిఎండలో రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డారు.

మన పుట్టినతేది సర్వీసు రిజిస్టరులో ఉన్నట్టే టైరు పుట్టినతేది దాని ఒంటిమీదే ఉంటుంది. పక్కగోడ మీద ఉండే ఒక వరుస అక్షరాల చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపు ఉంటాయి, టార్చిలైటు వేసి చూడాలి. ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా తెలిసినవారికి చూపించాలని, పదేళ్లు దాటితే ఎంత బాగా కనిపించినా తీసెయ్యాలని టైరు కంపెనీలు చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. మన ఎండలకు ఆరేళ్లే గడువుగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎక్కువ తిరిగే బండికి అరుగుదలే కొలత. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కొత్త టైరుకు ఇది సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలబద్ద అక్కర లేదు. గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పైభాగం అరిగి వాటికి సమానమైతే గడువు ముగిసినట్టే. వానలో రోడ్డు మీది నీటిని పక్కకు తోసేవి ఆ గాడులే. గుండు టైరు నీటి మీద తేలిపోతుంది, బ్రేకు పట్టదు. పక్కగోడ ఎక్కడైనా ఉబ్బితే ఆ టైరును ఆ రోజే మార్చాలి.

ఇక ఖర్చు. కొత్త టైర్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. కంపెనీని బట్టి కొంత అటూ ఇటూగా, 12 అంగుళాల చిన్న కారు టైరు ఒక్కటి రూ.2,500 నుంచి 3,500 వరకు, 14 అంగుళాలది రూ.3,500 నుంచి 5,000 వరకు ఉంటుంది. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు ఖర్చు వేరు. ఒక్కొక్కటి రూ.4,500 చొప్పున నాలుగింటికి రూ.18,000. ఒక్కసారిగా తీయాలంటే పింఛనుదారుకు భారమే. అదే ఆరేళ్లకు, అంటే 72 నెలలకు పంచితే నెలకు రూ.250. నెలనెలా ఆ మొత్తాన్ని విడిగా జమ చేస్తూ పోతే గడువు నాటికి చెయ్యి చాచనక్కరలేదు.

నాలుగూ ఒకేసారి కొనలేకపోతే జతగా రెండు కొనండి. కొత్తవాటిని వెనక వేయించండి. వానలో వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, అదుపు చేయడం కష్టం. ఒకరు వాడి వదిలేసినవి, రీబటన్ వేసినవి చౌకగా వస్తాయని కారుకు కొనవద్దు. కొత్తవి కొన్నా తయారీ తేదీ చూసి, బిల్లు తీసుకోండి. దుకాణంలోనే రెండు మూడేళ్లు నిల్వ ఉన్న సరుకుకు పూర్తి ధర ఎందుకివ్వాలి?

టైరు దాని గడువుదాకా మన్నాలంటే గాలి ముఖ్యం. గాలి తక్కువైతే పక్కగోడలు నలిగి వేడెక్కుతాయి, వేసవిలో టైర్లు పేలడానికి ఇదొక పెద్ద కారణం. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద రాసి ఉంటుంది. నెలకొకసారి, దూర ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. స్టెప్నీని మరవవద్దు. నైట్రోజనే కావాలని లేదు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. టైరు రెండంచులూ అరిగితే గాలి తక్కువని, నడుమ అరిగితే ఎక్కువని, ఒక పక్కే అరిగితే అలైన్‌మెంటు తప్పిందని గుర్తు.

కుటుంబ పింఛను పొందుతున్న సోదరీమణులకు ఒక్క మాట. కారు నడిపేది కొడుకైనా, డ్రైవరైనా ఆ నాలుగంకెలు చదవడానికి డ్రైవింగు రానక్కరలేదు. "టైరు ఎప్పటిది నాయనా?" అని అడగండి.

మనకు 58కో, 60కో, 61కో పదవీ విరమణ ఇచ్చారు. ఇంకా పని చేయగలమని మనలో చాలామందిమి అనుకున్నాం, అందులో తప్పు లేదు. టైరు విషయంలో మాత్రం ఆ మాట చెల్లదు, పొడిగింపు ఇవ్వకూడదు. రేపు ఉదయం కళ్లజోడు పెట్టుకుని, స్టెప్నీతో కలిపి అయిదు టైర్ల తేదీలూ డైరీలో రాసుకోండి. అంతకు మించి మిమ్మల్ని నేను కోరేది లేదు.