ప్లగ్గు రంగు
(సంఘ సభయందు చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సభలో స్కూటరు ప్రసంగమేమని కొందరు నవ్వవచ్చును. దస్త్రములు చదువుట నా వృత్తి. ప్లగ్గును చదువుట మాత్రము గత వేసవిలో నేర్చుకొంటిని. నేర్పినది పామర్రు రోడ్డు.

మా నాన్నగారి పాత చేతక్ స్కూటరు బందరులో ఉన్నది. అది రెండు స్ట్రోకుల ఇంజను. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోయవలెను. ఆ ఆయిలే పిస్టనుకు ప్రాణము. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనచో ఆయిలును తగ్గును, వేడి పెరుగును. ప్లగ్గులోని పింగాణి తెల్లబారును. పెట్రోలు ఎక్కువైనచో నల్లని మసి పట్టును. పాకము కుదిరినచో కాఫీపొడి రంగు. ఇంతవరకు అందరకు తెలిసినదే.

ప్లగ్గు ఎప్పుడు చూడవలెనన్నదే నాకు తెలియలేదు. బజారంతయు తిరిగి వచ్చి, ఇంటిముందు ఇంజనును కొంతసేపు ఊరక తిరుగనిచ్చి, విప్పి చూచితిని. చక్కని కాఫీరంగు! మరునాడు నాన్నగారిని వెనుక కూర్చుండబెట్టుకొని విజయవాడకు బయలుదేరితిని. పామర్రు చేరకముందే పిస్టను పట్టివేసి, వెనుకచక్రము బిగిసిపోయినది. "క్లచ్చి పట్టుకోరా!" అని నాన్నగారు కేకవేయనిచో ఇద్దరమును పంటబోదెలో పడియుందుము.

నేను చదివినది ఊరక తిరుగు ఇంజను చెప్పిన మాట. పూర్తివేగమున పెట్రోలు నిచ్చు మెయిన్ జెట్టు సాక్ష్యము వేరు. ఖాళీరోడ్డుపై థ్రాటిలు పూర్తిగా త్రిప్పి కొంతదూరము పోయి, వేగము తగ్గించకయే క్లచ్చి పట్టి, ఆ క్షణముననే ఇంజను ఆపి, బండి నిలిచిన పిమ్మట ప్లగ్గు విప్పవలెను. రంగును పింగాణి కొనయందు గాక లోపల మొదట చూడవలెను, టార్చి అవసరము. 2000లో దేశమంతట సీసము లేని పెట్రోలు వచ్చినప్పటినుండి రంగు పలుచగానే పట్టును. అనుమానమున్నచో పెద్ద జెట్టుతో మొదలిడి క్రమముగా తగ్గించుట క్షేమము.

మేస్త్రీ పెద్ద జెట్టు వేయుదమనెను. ఇథనాలు కలిసిన పెట్రోలుకు అది తప్పదని ఆయన వాదము. అందు నిజము లేకపోలేదు. నాన్నగారు మాత్రము, "మొన్నటివరకు సరిపోయిన జెట్టు ఇవాళ ఎట్లా చిన్నదయింది?" అని అడిగిరి. విప్పి చూడగా మాగ్నెటో వైపు ఆయిలు సీలు ఎండి పగిలియున్నది. గాలి దొంగత్రోవన వచ్చుచుండెను.

సీలు మార్చి, క్రొత్త పిస్టను సర్దుకొనిన పిమ్మట, దసరా సెలవులలో అదే జెట్టుతో, అదే రోడ్డుపై మరల చూచితిమి. లోతున కాఫీపొడి రంగు. నా వెనుక కూర్చుండుటకు మాత్రము నాన్నగారు ఇంకను ఒప్పుకొనుట లేదు.