డయాలిసిస్ రోగికి షుగరు ఎందుకు మాట వినదు?
(చెరుకుపల్లి పింఛనుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, 33 ఏళ్లు ఫైళ్లు నడిపిన గుమాస్తాను. మా ఆవిడకు డయాలిసిస్ మొదలై నాలుగేళ్లయింది. వారానికి మూడుసార్లు తెనాలి వెళ్లి, నాలుగేసి గంటలు ఆసుపత్రి బల్లమీద కూర్చుని నేను తెలుసుకున్నదే ఈరోజు మీకు మనవి చేస్తున్నాను.

ఆమెకు ఎంతో కాలంగా షుగరు ఉంది. డయాలిసిస్ మొదలయ్యాక కూడా ఇన్సులిన్ పాత మోతాదులోనే వేస్తూ వచ్చాము. ఒకనాటి రాత్రి రెండు గంటలకు ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. మిషనులో చూస్తే 46. పంచదార నీళ్లు పట్టాక తేరుకుంది. డాక్టరుగారు మోతాదు తగ్గించారు. మూడు నెలలు తిరక్కుండానే షుగరు 280కి ఎక్కింది. "నాకు తెలియకుండా ఏదో తింటున్నావు" అని ఆమెను కసిరాను. పాపం, ఆమె ఏమీ తినలేదు.

అసలు సంగతి ఇది. ఒంట్లో ఇన్సులిన్‌ను విరిచి పారవేసే పనిలో మూత్రపిండాలకు పెద్ద వాటా ఉంది. అవి పాడైతే వేసిన ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి, షుగరు పడిపోతుంది. ఇంకోవైపు, ఇన్సులిన్ ఉన్నా కండరం దాని మాట వినదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఆర్డరు జారీ అయింది, తపాలులో అందింది, రిజిస్టరులో ఎక్కింది. సెక్షనులో పని మాత్రం జరగలేదు. మూత్రపిండాలు చెడినవారిలో ఈ లోపం ముఖ్యంగా కండరంలోనే ఉందని 1981లో అమెరికాలో డెఫ్రాంజో, ఆయన సహచరులు కొలిచి చూపారు. షుగరు జబ్బు లేనివారికీ ఇది వస్తుంది. మన శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు, మూత్రపిండాలు చెడినవారిలో చాలామందికి షుగరు లేదు. అయినా ఆ దశకు చేరాక వారికీ ఈ బెడద తప్పకపోవచ్చు.

మరి సెక్షనులో పని ఎందుకు ఆగింది? డాక్టరుగారు మమ్మల్ని ఒక్కొక్కటే అడిగారు. డయాలిసిస్ పూర్తిగా చేయించుకుంటున్నారా? లేదండి, బస్సు కోసం గంట ముందే మిషను ఆపించుకున్న రోజులున్నాయి. రక్తంలో మిగిలిపోయిన మలినాలు, ఆమ్లం ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయట. మెడ దగ్గర వేసిన గొట్టం చూశారు, చుట్టూ చీము పట్టింది. ఒంట్లో ఎక్కడ వాపు, చీము ఉన్నా ఈ మొండితనం పెరుగుతుంది. రక్తహీనత, డి విటమిన్ లోపం కూడా ఇందుకు తోడవుతాయి.

తిండి సంగతి విని నేను తెల్లబోయాను. డయాలిసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమన్నారు గదా అని ఆ మాటే పట్టుకుని గుడ్డు, పప్పు దాదాపు మానిపించాను. డయాలిసిస్ మొదలయ్యాక లెక్క మారుతుందట. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అవి అందక, రోజంతా మంచానికే అంటిపెట్టుకుని ఉండడంతో కండ కరిగిపోయింది. కండే లేకపోతే షుగరును ఎవరు వాడతారు? ఇప్పుడు డయాలిసిస్ లేని రోజుల్లో సాయంత్రం వీధి చివరిదాకా నడిపిస్తున్నాను. విసుక్కుంటుంది, అయినా నడుస్తుంది.

ఇంటివద్దే పొట్టలోకి ద్రవం ఎక్కించుకునే డయాలిసిస్ వారికి ఇంకో చిక్కు. 1.5 శాతం ద్రవం రెండు లీటర్ల సంచిలో 30 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. అందులో కొంత ఒంటికి పట్టేస్తుంది.

మూడు నెలల సగటు పరీక్ష తక్కువ వచ్చిందని సంబరపడవద్దు. ఈ రోగుల్లో ఎర్రకణాలు త్వరగా చనిపోతాయి గనుక ఆ అంకె ఉన్నదానికంటే తగ్గి కనిపించవచ్చు. పాత చీటీ చూపి మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ కొనవద్దు. ఆ రెండూ డయాలిసిస్ వారికి పనికిరావు. షుగరు పడిపోతే కొబ్బరినీళ్లు, బత్తాయి రసం పట్టవద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. మనిషికి తెలివి ఉండి మింగగలిగితే నాలుగు చెంచాల పంచదార కొద్ది నీళ్లలో కలిపి ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

ఈరోజు ఆమెకు డయాలిసిస్ లేదు, అదుగో రెండో వరసలో కూర్చుంది. రోజూ షుగరు, బరువు, నడక రాసే రిజిస్టరు ఆమె చేతిలోనే ఉంది. కావలసినవారు సభ అయ్యాక చూడవచ్చును. సెలవు.