గుండెకూ ఒక కాలువ



తుంగభద్ర నీళ్లు హెచ్చెల్సీ కాలువలో మన పెనకచర్ల డ్యాముకు చేరి పొలాలకు పారతాయి. ఒంట్లో నెత్తురూ అంతే. పిడికిలంత గుండె నిమిషానికి సుమారు 5 లీటర్లు తోడుతుంది. కుడివైపు నెత్తురు ఊపిరితిత్తులకు పోయి, ప్రాణవాయువుతో ఎడమవైపుకు చేరి, ధమనుల్లో ఒళ్లంతా పారుతుంది. ఊపిరితిత్తుల దారిని 13వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ నఫీస్ అనే హకీము వివరించారు.

గుండె కండకూ సొంత నాళాలున్నాయి. అక్కడ కొవ్వు పేరుకుని గడ్డ అడ్డుపడితే, పూడిన పిల్లకాలువ కింది పైరులా కండ చచ్చిపోతుంది.

మాతో పనిచేసిన ఒక మాస్టారు రొమ్ము బరువుగా ఉంది, చెమటలు పడుతున్నాయన్నారు. గ్యాసేమో అన్నాం మేము. తెల్లారేసరికి ఆయన లేరు. సైన్సు చెప్పే మేమే పొరబడ్డాం. మీరు పొరబడకండి, వెంటనే 108కు ఫోన్ చేయండి.