చెవిలో వైర్‌లెస్: అనలాగా? డిజిటలా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను 1971 యుద్ధంలో సిగ్నల్స్ పాత్ర గురించి మాట్లాడమన్నారు. ఆ కథ మీలో చాలామంది నా నోటనే రెండు మూడుసార్లు విన్నారు. అందుకని ఈసారి వేరే వైర్‌లెస్ గురించి చెబుతానని ఆయన దగ్గర అనుమతి తీసుకున్నాను. ఇది చెవి వెనుక, చర్మం కింద పనిచేసే వైర్‌లెస్. పేరు కాక్లియర్ ఇంప్లాంట్. దాని సంగతి చెబుతూ నేను చేసిన ఒక తప్పు కూడా మీ ముందు పెడతాను.

నేను 1966లో సిగ్నల్స్‌లో చేరాను. జబల్పూర్‌లో ట్రైనింగు. 1994లో సుబేదార్‌గా పెన్షన్ మీద వచ్చేశాను. మా అమ్మాయికి 1999లో ఆడపిల్ల పుట్టింది. ఏడాది దాటినా పిలిస్తే తిరిగేది కాదు. పళ్ళెం కిందపడేసినా ఉలిక్కిపడేది కాదు. "కొందరికి మాట ఆలస్యంగా వస్తుందిలే" అని అందరం సర్దిచెప్పుకున్నాం. చివరికి హైదరాబాదు తీసుకెళ్ళి బేరా పరీక్ష చేయిస్తే రెండు చెవులకీ పుట్టుచెవుడని తేలింది. హియరింగ్ ఎయిడ్లు పెట్టి కొన్నాళ్ళు చూశారు. లాభం లేదన్నారు. ఇంప్లాంట్ ఒక్కటే దారి అన్నారు. అప్పటికి పిల్లకి రెండేళ్ళ రెండు నెలలు.

ముందు చెవి సంగతి మన భాషలో చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో, రెండున్నర చుట్లు తిరిగిన ఒక గొట్టం ఉంటుంది. దాన్నే కాక్లియా అంటారు. విప్పి చాపితే సుమారు 35 మిల్లీమీటర్లు. నిండా ద్రవం. శబ్దం వచ్చినప్పుడు అందులో అల లేస్తుంది. కీచు శబ్దాలకు మొదటి భాగం, బొంగురు శబ్దాలకు చివరి భాగం ఎక్కువగా ఊగుతుంది. ఇది కనిపెట్టిన బెకేషీ అనే శాస్త్రవేత్తకు 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఊపును విద్యుత్ సంకేతంగా మార్చేవి లోపలి వరుసలో ఉండే సుమారు 3,500 కేశకణాలు. అక్కణ్ణుంచి మెదడుకు సుమారు 30,000 నరాల పోగులు లైను వేసి ఉంటాయి. మా పిల్లకి లైను ఉంది, ఎక్స్ఛేంజీ ఉంది. మైక్రోఫోనే పనిచేయదు. అలాంటప్పుడు హియరింగ్ ఎయిడ్‌తో శబ్దం ఎంత పెంచినా ఏం ప్రయోజనం?

ఇంప్లాంట్ ఆ పాడైన భాగాన్ని దాటేసి నేరుగా లైను మీదకే సిగ్నల్ పంపుతుంది. చెవి మీద మైకు, ప్రాసెసర్ ఉంటాయి. తల మీద అతుక్కుని ఉండే కాయిల్ చర్మం గుండా రేడియో తరంగాలతో కబురు, కరెంటు రెండూ లోపలికి పంపుతుంది. లోపలి రిసీవర్ నుంచి సన్నని తీగ కాక్లియాలోకి వెళుతుంది. దాని మీద పన్నెండో, పదహారో, ఇరవై రెండో ఎలక్ట్రోడ్లు ఉంటాయి. 30,000 పోగుల పనిని వీటితోనే నెట్టుకు రావాలి. ఇదంతా డాక్టరు గారు చెబుతుంటే, 'ఇది మన ట్రేడే కదా!' అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

ట్రేడ్ తెలిసినవాణ్ణి కనుక ఊరుకోలేదు. ఎలక్ట్రోడ్‌కి పంపేది అనలాగ్ సిగ్నలా, డిజిటల్ సిగ్నలా అని అడిగాను. పల్సులు అన్నారు. నాకు నచ్చలేదు. నా సర్వీసు చివరి రోజుల్లో వచ్చిన డిజిటల్ సెట్లలో మనిషి గొంతు డబ్బాలో రాళ్ళు పోసినట్టు వినిపించేది. పాత సెట్లలో ఎంత గరగర ఉన్నా, అవతల మాట్లాడేది మన నాయుడో, సర్దార్జీయో ఒక్క మాటతో పోల్చుకునేవాణ్ణి. శబ్దమంటే ఎడతెగని అల. దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి పసిపిల్ల చెవిలో పోస్తారా అన్నది నా వాదన. అనలాగ్ పద్ధతిలో నడిచే పరికరాలు ఉన్నాయని చదివి, వాటి సంగతి తేలేదాకా ఆపరేషన్ వద్దన్నాను. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి నోటుబుక్కు నింపాను. ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

నా నోటుబుక్కులో ఉన్న చరిత్ర ఇది. 1957లో పారిస్‌లో జూర్నో, ఎరియెస్ అనే ఇద్దరు మొదటిసారి వినికిడి నరాన్ని విద్యుత్తుతో కదిలించారు. 1961లో లాస్ ఏంజెలస్‌లో విలియం హౌస్ మనుషులకు ఇంప్లాంట్ పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన పరికరంలో ఒక్కటే ఎలక్ట్రోడ్. 16 కిలోహెర్ట్జ్ కారియర్ మీద శబ్దాన్ని మాడ్యులేట్ చేసి అలాగే పంపేవారు. పూర్తిగా అనలాగ్, మన ఏ.ఎం. రేడియో లాంటిదే. 1984లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. దానితో మాటల లయ తెలిసేది. పెదవుల కదలిక చూస్తూ అర్థం చేసుకునేవారికి ఆసరా అయ్యేది. పెదవులు చూడకుండా మాట అర్థం చేసుకోగలిగినవారు మాత్రం కొద్దిమందే.

తర్వాత అనేక ఎలక్ట్రోడ్లు వచ్చాయి. 1977లో వియన్నాలో హోఖ్‌మెయర్ దంపతులు, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బహుళ చానళ్ళ ఇంప్లాంట్లు అమర్చారు. క్లార్క్ బృందం మాటలోని ముఖ్య లక్షణాలను ఏరి పల్సులుగా పంపింది. అమెరికాలో ఇనెరైడ్ అనే పరికరం అనలాగ్ దారి పట్టింది. శబ్దాన్ని నాలుగు బ్యాండ్లుగా విడదీసి, నాలుగు అలలనూ నాలుగు ఎలక్ట్రోడ్లకు ఒకేసారి, ఆగకుండా పంపేది. కాగితం మీద చూస్తే ఇదే న్యాయంగా కనిపిస్తుంది. అసలు అలను ఎక్కడా కోయలేదు కదా!

ఆ కాగితం పట్టుకుని ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి కంటే చిన్నది. నా ఉపన్యాసమంతా విని ఒకే ప్రశ్న అడిగింది. "అంకుల్, మీ వైర్‌లెస్ నెట్‌లో ఇద్దరు ఒకేసారి స్విచ్ నొక్కి మాట్లాడితే ఏమవుతుంది?"

"ఏమవుతుందమ్మా, ఇద్దరి మాటా అర్థం కాదు. అందుకే ఒకరు ఓవర్ అన్నాకే రెండోవాడు మాట్లాడాలి."

"ఆ పిల్ల చెవిలోనూ అంతే అంకుల్."

నా నోటుబుక్కంతా ఆ ఒక్క మాటలో తేలిపోయింది. ఎలక్ట్రోడ్లు ఉండేది ఉప్పు ద్రవంలో. కరెంటు తనకు కేటాయించిన నరాల దగ్గరే ఆగదు, పక్కకి పాకుతుంది. అన్ని ఎలక్ట్రోడ్లూ ఒకేసారి పలికితే వాటి విద్యుత్ క్షేత్రాలు కలిసిపోయి, ఒకచోట కూడుకుని, ఒకచోట కొట్టేసుకుంటాయి. ఏ బ్యాండ్ కబురు ఏ నరానికి చేరుతోందో తెలియదు. అంటే అనలాగ్ అల తప్పు కాదు. అది ప్రయాణించే దారిలో క్రమశిక్షణ లేకపోవడం తప్పు.

దీనికి విరుగుడు చూపినవాడు అమెరికాకు చెందిన బ్లేక్ విల్సన్. ఆయన బృందం 1991లో నేచర్ పత్రికలో ఒక పద్ధతిని ప్రకటించింది. క్లుప్తంగా సి.ఐ.ఎస్. అంటారు. శబ్దాన్ని బ్యాండ్లుగా విడదీస్తారు. ప్రతి బ్యాండ్‌లో శబ్దం ఎలా పెరిగి తగ్గుతోందో ఆ హెచ్చుతగ్గుల గీత మాత్రం తీసుకుంటారు. ఆ గీతను బట్టి పల్సుల బలం మారుస్తారు. ఏ రెండు ఎలక్ట్రోడ్లూ ఒకే క్షణంలో పలకవు. ఒకదాని తర్వాత ఒకటి, సెకనుకు వందల, వేల సార్లు. ప్రతి పల్సులో ముందు ఒక దిశ, వెంటనే అంతే మోతాదు ఎదురు దిశ ఉంటుంది. కనుక కణజాలంలో ఛార్జి మిగలదు. మనకు టైమ్ డివిజన్ మల్టిప్లెక్సింగ్ అంటే తెలుసు కదా, అదే. ఇనెరైడ్ పెట్టుకున్నవారికి చెవి వెనుక చర్మం గుండా ప్లగ్ ఉండేది. అందువల్ల అదే మనిషికి, అదే ఎలక్ట్రోడ్ల మీద రెండు పద్ధతులూ పెట్టి పోల్చారు. ఏళ్ళ తరబడి అనలాగ్‌కు అలవాటుపడ్డవారు కూడా కొత్త పద్ధతిలో మాటలు బాగా గుర్తుపట్టారు. క్లార్క్‌కు, ఇంగెబోర్గ్ హోఖ్‌మెయర్‌కు, విల్సన్‌కు కలిపి 2013లో లాస్కర్ బహుమతి ఇచ్చారు.

అనలాగ్ పక్షాన కూడా నిజం చెప్పాలి. 1990లలో క్లారియన్ అనే పరికరంలో రెండు పద్ధతులూ ఉండేవి. పెద్దవాళ్ళు రెండూ విని చూసి ఎంచుకునేవారు. అనలాగే సహజంగా ఉందన్నవారు కొందరున్నారు. పల్సుల పద్ధతి అలలోని సన్నని నగిషీని వదిలేస్తుంది. సంగీతం సరిగా వినపడకపోవడానికి అదొక కారణం. 2000 దశకంలో వచ్చిన కొన్ని పద్ధతులు ఆ నగిషీలో కొంతైనా పల్సుల్లోనే పంపే ప్రయత్నం చేశాయి. అంటే గెలిచినవాడు ఓడినవాడి దగ్గర పాఠం నేర్చుకున్నాడన్నమాట.

ఇంత తెలిశాక కూడా నేను "ఇంకొక్క నెల చూద్దాం" అన్నాను. అప్పుడు మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, గొంతు పెంచకుండా అంది: "నాన్నా, మీరు మంచి శబ్దం కోసం చూస్తున్నారు. దానికి అసలు ఏ శబ్దమూ లేదు."

నలభై నిమిషాల ఉపన్యాసం అక్కర్లేదు, ఆ మాట చాలు. మరుసటి వారం ఊళ్ళో అరెకరం బేరం పెట్టాను. 2002లో ఆపరేషన్ అయింది.

గాయం మానాక ప్రాసెసర్ ఆన్ చేశారు. పిల్ల బిగ్గరగా ఏడ్చింది. మేమూ ఏడ్చాం. ఆ రోజే అంతా అయిపోలేదు. ప్రతి ఎలక్ట్రోడ్‌కీ ఎంత కరెంటుకు వినపడుతుందో, ఎంతకు బాధ పెడుతుందో చూసి మ్యాపింగ్ చేయాలి. తర్వాత ఏళ్ళ తరబడి థెరపీ. నోరు కనపడకుండా చేయి అడ్డం పెట్టి "పడు" అనాలి, "పాడు" అనాలి. "గడి" అనాలి, "గడ్డి" అనాలి. మన భాషలో హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు కాలంతో తెలిసే తేడాలు. వాటిని పల్సులు చక్కగా మోశాయి. "కల", "కళ" మాత్రం మమ్మల్ని ఏడిపించాయి. ఎనిమిది నెలలు వాదనకు ఖర్చుపెట్టిన తాత తర్వాత మూడేళ్ళు రోజుకు రెండు గంటలు చాప మీద కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగం చేసుకుంటోంది. ఫోన్లో నాతో మాట్లాడుతుంది. పెళ్ళి భోజనాల గోలలో మాత్రం ఇబ్బంది పడుతుంది. నేను ఆపిన ఎనిమిది నెలలు ఆపకపోతే ఇంకా తేలిక అయ్యేదేమో అని నా మనసులో ఉంది. పుట్టుకతో వినపడని పిల్లలకు మొదటి రెండు మూడేళ్ళే మెదడు మాటను పట్టుకునే అదను. పల్సు ఆకారం మెదడు నేర్చుకుంటుంది. పోయిన కాలాన్ని ఏ ప్రాసెసరూ తిరిగి ఇవ్వదు.

కనుక సోదరులారా, మీ ఇళ్ళల్లో బిడ్డ పుడితే ఆసుపత్రి వదిలేలోపే వినికిడి పరీక్ష చేయించండి. అనుమానం వస్తే బేరా దాకా వెళ్ళండి. సర్వీసు ఆసుపత్రిలో ఇ.ఎన్.టి. విభాగాన్ని అడగండి. 2014లో సవరించిన అడిప్ పథకం కింద కేంద్ర ప్రభుత్వం చిన్నపిల్లల ఇంప్లాంట్లకు సాయం మొదలుపెట్టింది. మన విశాఖపట్నంలో టార్పెడోల మీద పనిచేసే ఎన్.ఎస్.టి.ఎల్. ప్రయోగశాల స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంట్ తయారీకి కూడా పూనుకొంది. నీటి కింద శబ్దాన్ని వేటాడేవారు పిల్లల చెవికి శబ్దం చేర్చే పని చేపట్టడం మనకు గర్వకారణం.

ఇక ఫిరంగుల పక్కన, ఇంజన్ రూముల్లో, రన్‌వేల మీద పనిచేసి చెవులు మందగించిన నా తోటివారికి ఒక మాట. మనలో చాలామందికి ఇంప్లాంట్ అక్కర్లేదు, హియరింగ్ ఎయిడ్ చాలు. అది పెట్టుకోవడానికి సిగ్గుపడి ఇంట్లోవాళ్ళ చేత అరిపించకండి. సర్వీసులో ఉన్న కుర్రవాళ్ళు ఇచ్చిన ఇయర్ మఫ్స్ జేబులో కాదు, చెవులకు పెట్టుకోండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఓవర్ అంటే మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నానని అర్థం. అందుకని ఔట్ అనను. సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి. కాస్త గట్టిగా అడగండి, నా ఎడమ చెవి కూడా అంతంతమాత్రమే.

ఓవర్. జై హింద్.